పన్ను పాస్‌పోర్టుకా, తాళానికా?

ఈ వారం వ్యాసానికి తీసుకున్న అంశం ఇది: దేశంలో ఉండకుండా ఇక్కడ ఇల్లు కొనుక్కునే విదేశీయుడి మీద ఎక్కువ ఆస్తిపన్ను వేయొచ్చా? మనలో నూటికి తొంభైమంది దీనికి ఏం రాస్తారో నాకు తెలుసు. మొదటి పేరాలో ప్రపంచీకరణ. రెండో పేరాలో లాభాలు, మూడో పేరాలో నష్టాలు. చివర్లో "సమతుల్య విధానం అవసరం" అని ఒక దండం. పక్కన ఖాళీ ఉంటే ఒక ఫ్లోచార్టు. దీనికి మార్కులు పడతాయేమో కానీ, అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం అందులో ఉండదు. వేయొచ్చా, వద్దా? ఎవరి మీద, ఎందుకు? అది చెప్పకుండా వెయ్యి పదాలు రాయడం మనకి అలవాటైపోయింది.

నా పక్షం ముందే చెప్పేస్తాను. ఊళ్లో ఉండకుండా ఊళ్లో ఇల్లు కొని తాళం వేసుకున్నవాడు ఎక్కువ పన్ను కట్టాల్సిందే. వాడు చైనావాడైనా, న్యూజెర్సీలో ఉండే మన బావమరిదైనా, ముంబైలో కాపురముంటూ సూరత్‌లో నాలుగు ఫ్లాట్లు కొన్న వజ్రాల వ్యాపారైనా ఒకటే. పాస్‌పోర్టు రంగు చూసి పన్ను వేయడం తప్పు. తలుపుకి తాళం చూసి వేయకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. మన దేశం ప్రస్తుతం ఈ రెండు తప్పులూ చేస్తోంది.

సింగపూర్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిట్లు ఎక్కువ తిన్నది అదే. 2011 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం ఇల్లు కొనేవాళ్ల మీద అదనపు స్టాంపు డ్యూటీ తెచ్చింది. విదేశీయులకి అప్పుడు 10 శాతం. 2013లో 15, 2018లో 20, 2021లో 30 అయింది. 2023 ఏప్రిల్ 27 నుంచి ఏకంగా 60. పది లక్షల డాలర్ల ఫ్లాటుకి ఆరు లక్షల డాలర్లు అదనం. "ఇది దోపిడీ, ఇది వివక్ష" అని మన టెకీలు గోల పెట్టారు.

గోలలో ఒక్క భాగం మాత్రం న్యాయం. సింగపూర్ చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల వల్ల అమెరికా, స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టీన్ దేశాల పౌరులకి ఈ డ్యూటీలో సింగపూర్ పౌరులతో సమానంగా చూస్తారు. 2005లో మనం చేసుకున్న సీఈసీఏ ఒప్పందంలో ఆ సౌకర్యం మనకి రాలేదు. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములున్నారనుకోండి, ఇద్దరిదీ విజయవాడే. అన్న అమెరికా పౌరసత్వం తీసుకుని, మొదటి ఇల్లని సింగపూర్‌లో ఒకటి కొన్నాడు. అదనపు డ్యూటీ సున్నా. అందులో ఒక్క రాత్రి పడుకోకపోయినా సున్నాయే. తమ్ముడు భారత పాస్‌పోర్టుతో ఎనిమిదేళ్లుగా అక్కడే ఉద్యోగం చేస్తూ, అక్కడే ఆదాయపన్ను కడుతూ, పిల్లల్ని అక్కడే చదివిస్తున్నాడు. వాడికి 60 శాతం. ఇళ్లు స్థానికులకి అందుబాటులో ఉంచడమే ఆ పన్ను ఉద్దేశమైతే, ఈ ఇద్దరిలో స్థానికుడెవరు?

అదే సింగపూర్‌లో ఇంకో పన్ను ఉంది, దాని గురించి ఎవరూ గోల పెట్టరు. ఏటా కట్టే ఆస్తిపన్ను. యజమాని స్వయంగా కాపురముంటే ఇంటి వార్షిక విలువ మీద 4 నుంచి 32 శాతం. కాపురం లేకపోతే 12 నుంచి 36 శాతం. 2024 నుంచి అమల్లో ఉన్న రేట్లివి. ఇక్కడ పాస్‌పోర్టు అడగరు, ఉంటున్నావా లేదా అని అడుగుతారు. ఒకే ప్రభుత్వం, ఒకే ఇల్లు, కానీ రెండు పన్నుల వెనక రెండు వేరు వేరు బుర్రలు పనిచేశాయి. నాకు రెండోది నచ్చింది.

ఈ తేడా జీఎస్-3 రాసేవాళ్లు గట్టిగా పట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ కొన్నరోజు ఒక్కసారి కట్టేది, కొన్నాక ఆ ఇంటిని ఏం చేశాడో దానికి పట్టదు. ఆస్తిపన్ను ఏటా వస్తుంది కాబట్టి ప్రవర్తనని మార్చగలదు. ప్రశ్నలో "ఆస్తిపన్ను" అని ఉంటే స్టాంపు డ్యూటీ ఉదాహరణలే నింపి వచ్చేవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఇక మన సంగతి. సింగపూర్ గుమ్మం దగ్గర 60 శాతం టికెట్ పెట్టింది. మనం గుమ్మమే మూసేశాం. ఫెమా కిందున్న 2019 నిబంధనల ప్రకారం, భారత మూలాలు లేని విదేశీయుడు, దేశంలో నివాసం లేనివాడు, ఇక్కడ ఇల్లు కొనలేడు. వారసత్వంగా రావచ్చు, ఐదేళ్లు మించని లీజుకి తీసుకోవచ్చు, అంతే. ఎన్నారైకి, ఓసీఐ కార్డున్నవాడికి మాత్రం పొలం, తోట, ఫార్మ్‌హౌస్ తప్ప ఇళ్లు ఎన్నయినా కొనుక్కునే స్వేచ్ఛ ఉంది. ఓసీఐ కార్డు ఎవరికిస్తారు? ఈ దేశ పౌరుడి మనవడికి, మునిమనవడికి కూడా. అంటే మన చట్టం బయట ఉన్న కొనుగోలుదారుణ్ణి "ఈ ఊళ్లో ఉంటావా?" అని అడగదు. "మీ ముత్తాత ఎవరు?" అని అడుగుతుంది. ఇలాంటి చట్టం ఇంట్లో పెట్టుకుని సింగపూర్‌ని వివక్ష అని తిట్టడానికి మనకి నోరెలా వస్తుంది?

సూరత్‌లో ఉంటూ ఈ వ్యాసం రాస్తున్నందుకు ఒక పాత విషయం చెప్పకుండా ఉండలేను. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1613లో ఇక్కడ వర్తకశాల పెట్టింది. జహంగీర్ దర్బారుకి వచ్చిన రాయబారి థామస్ రో 1618లో షాజాదా ఖుర్రం దగ్గర, అంటే తర్వాతి షాజహాన్ దగ్గర, షరతుల కోసం చాలా పెనుగులాడాడు. ఖుర్రం మొండికేసిన షరతుల్లో ఒకటి: ఇంగ్లీషువాళ్లు సూరత్‌లో ఇల్లు కొనకూడదు, కట్టకూడదు, అద్దెకి మాత్రం ఉండొచ్చు. నాలుగు వందల ఏళ్ల కింద ఈ రేవుపట్నం పెట్టిన నియమం, ఇవాళ్టి ఫెమా నియమం అన్నదమ్ముల్లా ఉంటాయి. విదేశీయుడు ఇల్లు కొంటాడేమోనన్న భయం వాంకూవర్‌లో పుట్టింది కాదు.

ఆ భయం నిజంగా ఎంత చెడ్డదిగా మారగలదో కాలిఫోర్నియా చూపించింది. 1913లో అక్కడ విదేశీయుల భూచట్టం తెచ్చారు. అందులో జపాన్ పేరు లేదు, ఇండియా పేరు లేదు. "పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు" అని మాత్రమే ఉంది. ఆసియావాళ్లకి పౌరసత్వ అర్హత లేదు కాబట్టి పేరు చెప్పకుండానే దెబ్బ తగలాల్సినవాళ్లకి తగిలింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికిరారని తేల్చాక, అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ల నుంచి కూడా దాన్ని లాక్కున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకుంటున్న వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వంతో పాటు ఆస్తినీ పోగొట్టుకుని 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. అంచేత "విదేశీయుడి మీద పన్ను" అనే మాట వినగానే నిర్వచనం ఎక్కడుందో వెతకండి. చట్టం మంచిదా చెడ్డదా అన్నది రేటులో కంటే నిర్వచనంలోనే ఎక్కువగా తెలుస్తుంది.

కెనడా బ్రిటిష్ కొలంబియా కథ ఈ అంశానికి పాఠ్యపుస్తకం లాంటిది. 2016 ఆగస్టు 2న వాంకూవర్ ప్రాంతంలో విదేశీ కొనుగోలుదారుల మీద 15 శాతం పన్ను వేశారు. వారాల వ్యవధి కూడా ఇవ్వలేదు, అప్పటికే బేరం కుదుర్చుకున్నవాళ్లకి కూడా మినహాయింపు లేదు. లాంగ్లీలో ఇల్లు బేరమాడుకున్న ఒక చైనా విద్యార్థిని 80 వేల డాలర్లకి పైగా కట్టాల్సి వచ్చింది. ఆమె కోర్టుకెళ్లింది. ఇది ఆసియావాళ్ల మీద పాత ద్వేషమే కొత్త రూపంలో అని వాదించింది. 2019లో అక్కడి సుప్రీంకోర్టు, 2021లో అప్పీలు కోర్టు పన్నునే సమర్థించాయి. ఆమె ఓడిపోయింది కాబట్టి పన్ను మంచిదని అనుకోనక్కర్లేదు. రాజ్యాంగబద్ధమైనవన్నీ తెలివైనవి కావు. ఆ పన్నుతో విదేశీ కొనుగోళ్లు ఒక్కసారిగా పడిపోయాయి. ధరలు కొన్నాళ్లు ఆగి, 2017లో మళ్లీ ఎక్కాయి. 2018 ఫిబ్రవరిలో పన్నుని 20 శాతం చేశారు. రేటు పెంచడమంటే మొదటిసారి అనుకున్న పని జరగలేదని ప్రభుత్వమే అర్థం చేసుకోవడం.

అసలు తెలివైన పని అదే 2018లో జరిగింది. స్పెక్యులేషన్ అండ్ వేకెన్సీ ట్యాక్స్ అని ఏటా కట్టే పన్ను తెచ్చారు. 2019 నుంచి కొన్నేళ్లపాటు నడిచిన రేట్లు ఇవి: విదేశీ యజమానులకి, ఆదాయంలో ఎక్కువ భాగం కెనడా బయట సంపాదిస్తూ అక్కడ పన్ను చూపించని కుటుంబాలకి ఇంటి విలువలో 2 శాతం. కెనడా పౌరులకి, శాశ్వత నివాసులకి 0.5 శాతం. గమనించండి, సొంత పౌరుణ్ణి కూడా వదల్లేదు. ఇంకా ముఖ్యమైనది, ఏడాదిలో కనీసం ఆరు నెలలు నిజమైన అద్దెదారుడికి ఇస్తే పన్నే లేదు, యజమాని విదేశీయుడైనా సరే. ప్రతి యజమానీ ఏటా డిక్లరేషన్ ఇవ్వాలి. బ్రిటిష్ కొలంబియా నివాసుల్లో 99 శాతానికి పైగా ఒక్క డాలరు కట్టలేదు. 2019లో వాంకూవర్ మహానగరంలో దాదాపు 11 వేల కాండోలు కొత్తగా అద్దె మార్కెట్లోకి వచ్చినట్టు కెనడా గృహనిర్మాణ సంస్థ లెక్క చెప్పింది. మొత్తం ఈ పన్ను పుణ్యమేనని నేననను. కానీ తలుపులు తెరుచుకున్నాయి. 15 శాతం, 20 శాతం పన్నులు కొనేవాణ్ణి గుమ్మంలో ఆపాయి తప్ప, అప్పటికే తాళం వేసి ఉన్న ఒక్క తలుపునీ తెరవలేదు.

ఇంగ్లండ్ కూడా నివాసాన్నే పట్టుకుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో బయటివాళ్లు ఇల్లు కొంటే 2 శాతం అదనపు స్టాంపు డ్యూటీ. బయటివాళ్లంటే పరాయి పాస్‌పోర్టువాళ్లు కాదు, నిర్ణీత కాలంలో 183 రోజులు ఆ దేశంలో లేనివాళ్లు. దుబాయ్‌లో స్థిరపడిన బ్రిటిషు పౌరుడు కూడా కట్టాలి. తర్వాత వచ్చి 183 రోజులు ఉంటే కట్టింది వెనక్కి ఇస్తారు. అదృష్టం కొద్దీ, లెస్టర్‌లో ఉద్యోగానికి వచ్చిన గుంటూరు కుర్రాడికి భారత పాస్‌పోర్టున్నందుకు శిక్ష లేదు. హాంకాంగ్ ఇంకో దారిలో పోయింది. 2012లో బయటివాళ్ల మీద 15 శాతం వేసి, మార్కెట్ పడిపోయేసరికి 2023 అక్టోబర్‌లో సగం చేసి, 2024 ఫిబ్రవరి 28న ఎత్తేసింది. పన్నుని ధరలు పెంచడానికీ దించడానికీ కుళాయిలా వాడినప్పుడు ఇళ్ల సమస్య ఎవరికీ పట్టలేదనే అర్థం. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి రెండేళ్లపాటు పాత ఇళ్లు విదేశీయులు కొనకుండా నిషేధించింది, కెనడా నిషేధం 2027 జనవరి 1 వరకు ఉంది. వీటిని గుర్తుపెట్టుకోండి చాలు, వీటి మీద ఎక్కువ పదాలు ఖర్చుపెట్టకండి.

ఇప్పుడు ఇంటికొద్దాం. ఆర్థిక సర్వే 2017-18 ఒక లెక్క ఇచ్చింది. పట్టణాల్లో ఖాళీ ఇళ్లు 2001లో 65 లక్షలు. 2011 జనాభా లెక్కల నాటికి 1 కోటి 11 లక్షలు. అదే కాలంలో పట్టణాల్లో ఇళ్ల కొరత 1 కోటి 80 లక్షల కుటుంబాలకి పైగా. ఖాళీ ఇళ్ల సంఖ్యలో మహారాష్ట్ర మొదటిది, గుజరాత్ దాదాపు 12 లక్షలతో రెండోది. మొత్తం ఇళ్లలో ఖాళీవాటి వాటా చూస్తే గుజరాతే దేశంలో మొదటిది. ఆ ఇళ్లని చైనావాళ్లో రష్యావాళ్లో కొనలేదు, ఫెమా వాళ్లని రానివ్వదు కదా. తాళాలన్నీ మనవే.

నేను ట్యూషన్ చెప్పడానికి సాయంత్రాలు వేసూ వైపు వెళ్తాను. రాత్రి తొమ్మిదింటికి బయటికొస్తే ఎదురుగా ఇరవై అంతస్తుల టవర్లు నిలబడి ఉంటాయి. కిటికీలు లెక్కపెట్టడం నాకు అలవాటైంది, ఇంజనీరింగ్ చదివిన రోగం. కొన్ని టవర్లలో సగం కూడా వెలగవు. నవసారి, బార్డోలి వైపు పల్లెలకి వెళ్తే ఇంకోలా ఉంటుంది. అమెరికాలో మోటళ్లు నడిపే కుటుంబాల బంగళాలు, పాలరాతి మెట్లు, గేటుకి తుప్పుపట్టిన తాళం, డిసెంబర్ పెళ్లిళ్ల సీజన్లో మూడు వారాలు మాత్రం దీపాలు. అక్కణ్ణుంచి బస్సెక్కి లింబాయత్ వస్తే మనవాళ్లు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి సాంచెలు నడపడానికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు. ఒక గదిలో ఆరుగురు. పగటి షిఫ్టువాడు లేచిన చాపమీదే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. మా ఇంట్లో నేను పదో తరగతికి వచ్చేసరికి ఐదు ఇళ్లు మారాం. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అగ్రిమెంట్ ఎప్పుడూ 11 నెలలే. పన్నెండో నెలలో అద్దె పెరుగుతుంది, లేదా మనం కదలాలి. పుస్తకాల కంటే ముందు సర్దుకోవడం నేర్చుకున్నవాణ్ణి, అందుకే ఖాళీ ఇళ్ల మీద నాకు "సమతుల్యమైన" అభిప్రాయం లేదు.

ఖాళీ ఇంటి పట్ల మన పన్ను విధానం ఎలా ఉందో చూడండి. గుజరాత్ నగరాల్లో కార్పెట్ ఏరియా పద్ధతి ఉంది. విస్తీర్ణం, ప్రాంతం, భవనం వయసు, వాడకం, ఎవరుంటున్నారు అనే గుణకాలతో పన్ను లెక్కిస్తారు. అహ్మదాబాద్ లెక్కలో యజమాని ఉంటే ఒక గుణకం, అద్దెకిస్తే అంతకంటే ఎక్కువ గుణకం. అంటే ఇల్లు నలుగురికి నీడ ఇస్తే పన్ను పెరుగుతుంది, తాళం వేస్తే పెరగదు. హైదరాబాద్‌కి వస్తే ఏళ్లుగా "వేకెన్సీ రెమిషన్" అనే సౌకర్యం నడిచింది. ఇల్లు ఖాళీగా ఉందని నిరూపించుకుంటే పన్నులో తగ్గింపు. ఆదాయపన్ను వైపు చూస్తే 2019 బడ్జెట్ నుంచి రెండో ఇంటి ఊహా అద్దె కూడా సున్నా అని లెక్కగట్టొచ్చు. 2025 బడ్జెట్‌లో దానికున్న షరతులూ తీసేశారు. అద్దెకిచ్చినవాడు వచ్చిన అద్దెమీద పన్ను కడతాడు, ఖాళీగా ఉంచినవాడికి ఏమీ లేదు. వాంకూవర్ తాళానికి పన్ను వేసింది, మనం తాళానికి బహుమతి ఇస్తున్నాం.

ఈ బహుమతికి ఒక సమర్థన ఉంది, అది వినాలి. "ఖాళీ ఇల్లు నీళ్లు వాడదు, చెత్త వేయదు, డ్రైనేజీ నింపదు. వాడనిదానికి ఎందుకు కట్టాలి?" ఆస్తిపన్నుని నీటి బిల్లు అనుకుంటే ఇది సరైన ప్రశ్నే. కానీ అది బిల్లు కాదు, ఆస్తి విలువ మీద పన్ను. ఆ విలువ ఎక్కణ్ణుంచి వచ్చింది? 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వచ్చి లక్షలమంది సూరత్ వదిలి పారిపోయారు. ఆరోజు ఇక్కడ ఇంటికి ఏ ధర పలికేది? 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు ఊరిని ఎలా శుభ్రం చేయించారో మీరు ఎథిక్స్ పేపర్లో రాస్తూనే ఉంటారు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు నగరంలో చాలా భాగం మునిగింది. బురద ఎత్తింది, రోడ్లు మళ్లీ వేసింది, ఇప్పుడు మెట్రో తవ్వుతున్నదీ ఊళ్లో ఉన్నవాళ్ల డబ్బుతో, వాళ్లు దుమ్ము మింగుతుండగా. ఎడిసన్‌లో కూర్చున్న యజమాని ఫ్లాటు ధర మాత్రం వాళ్లతో సమానంగా పెరిగింది. ఆ పెరుగుదలలో నగరం వాటా అడగడం అన్యాయం ఎలా అవుతుంది?

నగరాలు అసలు అడగడమే మానేశాయి. ఆర్థిక సర్వే 2016-17 ఉపగ్రహ చిత్రాలతో బెంగళూరు, జైపూర్‌లని పరిశీలించి, రావాల్సిన ఆస్తిపన్నులో 5 నుంచి 20 శాతానికి మించి వసూలు కావట్లేదని తేల్చింది. ఆ తర్వాత మున్సిపాలిటీకి డబ్బుల్లేవని, రాష్ట్రం దగ్గర చేయి చాస్తోందని మనం 74వ సవరణ మీద కన్నీటి వ్యాసాలు రాస్తాం.

న్యాయపరంగా నిలుస్తుందా అంటే నిలుస్తుందనే నా వాదన. భూమి, భవనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలో 49వ అంశం, 243ఎక్స్ ప్రకారం రాష్ట్రం ఆ అధికారం మున్సిపాలిటీకి ఇవ్వొచ్చు. 14వ అధికరణ "ఏ వ్యక్తికైనా" వర్తిస్తుంది, పౌరుడికే కాదు. కాబట్టి విదేశీయుడు కూడా దాన్ని అడ్డం పెట్టుకోవచ్చు. 19(1)(ఇ) నివాస హక్కు మాత్రం పౌరులకే. 14 కింద అడిగే రెండు ప్రశ్నలు మీకు తెలిసినవే: వర్గీకరణకి స్పష్టమైన తేడా ఉందా, ఆ తేడాకి చట్టం ఉద్దేశంతో సంబంధం ఉందా? ఇళ్లు వాడకంలోకి తేవడం ఉద్దేశమైతే, "నివాసమున్న ఇల్లు, లేని ఇల్లు" అన్న తేడా సూటిగా ఉద్దేశానికి అతుక్కుంటుంది. "విదేశీ యజమాని, స్వదేశీ యజమాని" అన్న తేడా వదులుగా వేలాడుతుంది. అందరికీ ఒకే రేటు అంటే సమానత్వం అనుకునేవాళ్లు రెండు తీర్పులు చదవాలి. 1961 మూపిల్ నాయర్ కేసులో అడవికీ, పండే పొలానికీ ఒకే రేటు వేసిన భూమిపన్నుని సుప్రీంకోర్టు కొట్టేసింది. 1967 న్యూ మానెక్ చౌక్ కేసులో అహ్మదాబాద్ మిల్లుల మీద చదరపు లెక్కన ఒకే రేటు వేసినదాన్నీ కొట్టేసింది. వేరువేరుగా ఉన్నవాటిని ఒకేలా చూడటం కూడా వివక్షే.

"పన్ను వేస్తే ఎన్నారై డబ్బులు ఆగిపోతాయి" అంటారు. ఆర్బీఐ సర్వే ప్రకారం 2023-24లో దేశానికొచ్చిన ప్రవాసుల డబ్బులో తెలంగాణ వాటా 8.1 శాతం. చిన్న సంఖ్య కాదు. కానీ ఆ డబ్బు ఎందుకు వస్తుంది? అమ్మానాన్నల మందులకి, చెల్లెలి పెళ్లికి, అప్పు తీర్చడానికి వస్తుంది, ఆస్తిపన్ను చూసి అవి ఆగవు. గాలికి వదిలేసిన నాలుగో ఫ్లాటుకి వచ్చే డబ్బు ఆగితే ఆగనివ్వండి. అది వచ్చినా ఫ్లాటు ధరే పెరుగుతుంది, ఫ్యాక్టరీ రాదు. ఇంతకీ ఎన్నారై ఇల్లు అమ్మినప్పుడు కొనేవాడు ఎక్కువ టీడీఎస్ పట్టుకోవడాన్ని చూపించి "ఇప్పటికే ఎక్కువ పన్ను ఉంది" అని రాసేవాళ్లున్నారు. అది ముందుగా పట్టుకోవడం, లెక్క తేలాక మిగిలింది వెనక్కి వస్తుంది. రెంటినీ కలపకండి.

ఇంకో వాదనకి బలముంది: యజమాని తాళం వేసేది దురాశతోనే కాదు, భయంతో. అద్దెకొచ్చినవాడు ఖాళీ చేయడేమో, కోర్టులో పదేళ్లు పడుతుందేమో అని. నిజమే. అద్దె వివాదాలు నెలల్లో తేలే ఏర్పాటు లేకుండా తాళం మీద పన్ను వేస్తే యజమానికి రెండువైపులా దెబ్బే. రెండూ కలిపే రావాలి. కానీ ఆ భయం పేరుతో ఏ సంస్కరణా రాకుండా ఆపేవాళ్లలో, అసలు అద్దెకిచ్చే ఉద్దేశమే లేని పెట్టుబడిదారులు చాలామంది ఉన్నారు.

అమలు కష్టమంటారా? కరెంటు మీటరు ఉంది. సూరత్ నగరంలో చాలా ఇళ్లకి టోరెంట్, మిగతా చోట్ల డీజీవీసీఎల్ ప్రతి నెలో రెండు నెలలకో రీడింగ్ తీస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఫ్రిజ్ కూడా తిరగని ఇంట్లో కాపురం లేదని చెప్పడానికి సీబీఐ అక్కర్లేదు. యజమాని ఏటా డిక్లరేషన్ ఇస్తాడు, మీటరు దాన్ని సరిచూస్తుంది. అమ్మకానికి పెట్టిన ఇల్లు, మరమ్మతులో ఉన్న ఇల్లు, యజమాని చనిపోయి వారసత్వం తేలని ఇల్లు, వీటికి గడువుతో మినహాయింపు ఇవ్వాలి.

చివరగా గల్ఫ్. ఈ మాట ఎత్తితే జగిత్యాల, నిజామాబాద్ మిత్రులు నామీద విరుచుకుపడతారని తెలుసు. "దుబాయ్‌లో ఎండలో పనిచేసి ఊళ్లో ఇల్లు కట్టుకున్న మా అన్న కూడా నాన్-రెసిడెంటే కదా, వాడి మీద కూడా వేస్తావా?" పాస్‌పోర్టు, వీసా చూసి వేసే పన్నయితే వాడి మీద పడేది. నేనడిగే పన్ను పడదు. మొదటిది, ఇది మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో వేసేది, పంచాయతీల్లో కాదు. రెండోది, ఆ ఇంట్లో వాళ్లమ్మ ఉంది, భార్య ఉంది, పిల్లలు బడికెళ్తున్నారు. యజమాని ఎక్కడున్నా అది కాపురమున్న ఇల్లే. వాడు కూడబెట్టి కరీంనగర్‌లో ఇంకో ఇల్లు కొని అద్దెకిచ్చినా పన్ను పెరగదు, ఎవరో ఒకరు అందులో వంట చేసుకుంటున్నారు కాబట్టి. మూడోది హైదరాబాద్‌లో కొని తాళం వేసి వెళ్తే కట్టాలి. డాలస్‌లో ఉన్నవాడికి ఎంతో, ముంబైలో ఉన్నవాడికి ఎంతో, వాడికీ అంతే.